గోడౌన్‌లో పాడే వెల్మార్

చీకటి పడితే ఆ పాత గోడౌన్ ముందు నుంచి మనిషనేవాడు నడవడు. తప్పనిసరై నడిచినా ఊపిరి బిగబట్టి, తల వంచుకుని, కాళ్ళకు పని చెబుతాడు.

ఒకప్పుడు అందులో కాగితం బేళ్ళు ఉండేవి. మిల్లు మూతపడ్డాక గబ్బిలాలు మిగిలాయి. వంద అడుగుల పొడవు. పైన సొరంగంలా వంపు తిరిగిన రేకుల కప్పు. రోడ్డు వైపు లారీ పట్టేంత నోరు, దానికి తలుపులు లేవు. అవతలి కొసన మనిషి పట్టేంత చిన్న వాకిలి, దానికి అడ్డంగా విరిగిన చెక్కపెట్టెల గుట్ట.

ఆ నోట్లోంచి రాత్రిళ్ళు పాట వస్తుందట...

ఒక ఆవిడ పాడుతుందట. వట్టి గొంతు కాదు — వయొలిన్లు, ఫ్లూటు, తబలా, అన్నీ వెంటబెట్టుకుని మరీ పాడుతుందట. ఒంటరి దెయ్యమైతే ఎలాగో సర్దుకుపోవచ్చు. కచేరీ పెట్టే దెయ్యాన్ని ఏం చేస్తాం?

అక్కడ ఒక మనిషికి ఏం జరిగిందో నేను విన్నాను. విన్నది విన్నట్టే చెబుతాను.

బస్సు డిపోలో ఒక టైంకీపరు ఉండేవాడు. ఏ బస్సు ఎన్నింటికి కదలాలి, ఏ డ్రైవరుకు ఏ షిఫ్టు అన్నది రాసే పని ఆయనది. డిపోలో అందరూ ఆయన్ని వెనకాల ‘వెల్మార్’ అనేవాళ్ళు. కొన్నాళ్ళకు ముందరే అనడం మొదలుపెట్టారు. ఆయనకు కోపం రాలేదు సరికదా, మురిసిపోయాడు.

వెల్మార్ అంటే పాటల సెట్లు చేసే కంపెనీ. పెళ్ళి కాకముందు ఒకసారి వాన పడుతుంటే ఒక షాపు చూరు కింద నిలబడ్డాడట. లోపల వెల్మార్ సెట్టు మోగుతోంది. పాడే మనిషి తన పక్కనే నిలబడి, వానకు తడిసి, తన చెవిలోనే పాడుతున్నట్టు అనిపించిందట. వాన వెలిసింది. ఆయన కదల్లేదు. షాపువాడు షట్టరు దించుతూ, “బాబూ, ఇక ఇంటికెళ్ళు” అనేదాకా.

ఆ రోజు నుంచీ వెల్మార్ అంటే చెవి కోసుకుంటాడు. ఎన్నేళ్ళో కూడబెట్టి ఆ సెట్టే కొన్నాడు. యాంప్లిఫయరు, రికార్డు ప్లేయరు, మనిషి నడుమెత్తు స్పీకర్లు రెండు. వెనకగదిలో వాటిని దింపిన రోజు ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వలేదు — పొగ తగులుతుందని.

పదకొండేళ్ళు గడిచాయి.

ఆ పదకొండేళ్ళలో, ఒక్కటంటే ఒక్క రోజు, ఆ వాన రోజు విన్న పాట ఆయన ఇంట్లో వినపడలేదు.

పాట వచ్చేది. కానీ దుప్పటి ముసుగేసుకుని పాడినట్టు వచ్చేది. స్పీకర్లు గోడకు దూరం జరిపాడు, దగ్గరికి జరిపాడు. అరంగుళం అటు, అరంగుళం ఇటు. వైర్లు మార్చాడు. నేలంతా తివాచీ పరిచాడు. కిటికీలకు రెండేసి మందపు తెరలు కట్టాడు. వెనక కిటికీకైతే గడియ పెట్టి, సందుల్లో దూది కూరాడు — బయటి చప్పుడు లోపలికి రాకూడదని, లోపలి పాట బయటికి పోకూడదని.

పాట పెట్టాడంటే ఇంట్లో ఫ్యాను తిరక్కూడదు. కుక్కరు ఈల వెయ్యకూడదు. భార్య గాజులు కదలకూడదు.

“నేను ఊపిరి తీసుకోవచ్చా అండీ?” అని అడిగేది ఆవిడ.

“మెల్లగా తీసుకో” అనేవాడు. అదీ వేళాకోళం కాదు, నిజంగానే.

బావమరిది వచ్చినప్పుడల్లా ఆటపట్టించేవాడు. “ఇంత అవస్థ ఎందుకు బావా? పాట నా ఫోన్లో కూడా వస్తుంది కదా.”

“ఫోన్లో వచ్చేది పాట కాదురా. ఫలానా చోట పాట ఉందన్న కబురు.”

“మరి నీ సెట్టులో వచ్చేదేంటి?”

టైంకీపరు మండిపోయాడు. ఎందుకంటే వాడన్నది నిజం. తన సెట్టులోనూ కబురే వస్తోంది... మనిషి రావడం లేదు.

దీనికి తోడు ఇంకో చికాకు. రికార్డు మీద నడిచే సూది వెయ్యి గంటలు రావాలని కంపెనీ వాళ్ళే పుస్తకంలో వేశారు. తను విన్న ప్రతి గంటా నోటుబుక్కులో రాసుకునే మనిషి ఆయన. సరిగ్గా సగానికే సూది అరిగిపోయేది. ఒకసారి కాదు, ప్రతిసారీ! కంపెనీకి నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. ‘మా సూదిలో లోపం లేదు, దయచేసి మీ గంటలు మరోసారి చూసుకోగలరు’ అని జవాబు వచ్చింది. టైంకీపరును పట్టుకుని గంటలు చూసుకోమంటారా! ఆ రోజు అన్నం సయించలేదు.

చివరికి తల ప్రాణం తోకకొచ్చింది. పక్క వీధి పళ్ళ డాక్టరుగారు ఆ సెట్టు మీద ఎప్పట్నుంచో కన్నేసి ఉన్నారు. ‘ఆదివారం వచ్చి పట్టుకెళ్ళండి’ అని మాటిచ్చేశాడు.

ఇంటికొచ్చి భార్యతో చెప్పాడు. “ఇంక నావల్ల కాదు. ఇచ్చేస్తున్నాను. నీకూ పీడ విరగడవుతుంది.”

ఆవిడ కూర తిప్పుతున్న గరిటె ఆగింది. “మీ ఇష్టం” అంది. తర్వాత గరిటె చప్పుడు కాస్త పెద్దదైంది. అంతే.

అది గురువారం పొద్దున. శుక్రవారం రెండో షిఫ్టులో ఉండగా కండక్టరు ఒకడు ఆయన గదిలోకొచ్చి కూలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“సార్... నిన్న రాత్రి గోడౌన్ దగ్గర విన్నాను సార్. నా చెవులతో విన్నాను.”

“తాగావా?”

“మంచినీళ్ళు కూడా తాగలేదు సార్. వారం రోజులు పాడుతుందట, వారం ఊరుకుంటుందట. అందరూ అదే చెబుతున్నారు.”

“దెయ్యానికి కూడా షిఫ్టులు నేనే వేశానంటావా?” అని విసుక్కున్నాడు టైంకీపరు. “సరే, ఎలా పాడింది?”

కండక్టరు గొంతు తగ్గించాడు. “మనిషి పక్కన నిలబడి... చెవిలో పాడినట్టు...”

టైంకీపరు చేతిలో పెన్ను ఆగిపోయింది.

ఆ సాయంత్రం డిపోకు రావలసిన డీజిల్ ట్యాంకరు రాలేదు. తొమ్మిదింటికల్లా బస్సులన్నీ వరసగా నిలబడిపోయాయి. “ఇక కూర్చుని చేసేదేముంది, ఇంటికి పో” అన్నాడు సూపరింటెండెంటు.

మామూలుగా ఆయన మార్కెట్టు వీధి మీదుగా ఇంటికెళతాడు. ఆ రాత్రి కాళ్ళు గోడౌన్ రోడ్డు పట్టాయి.

వీధి దీపాలు రెండే. రెండోది దాటాక చీకటి. గాలి లేదు. కుక్క కూడా లేదు...

గోడౌన్ నల్లగా నోరు తెరుచుకుని ఉంది.

నిలబడ్డాడు. ఏమీ వినపడలేదు. ‘వెధవ కబుర్లు’ అనుకున్నాడు. అడుగు తీసి అడుగు వేశాడో లేదో —

ఫ్లూటు.

ఫ్లూటు వెనకాల వయొలిన్లు లేచాయి. తర్వాత ఆవిడ గొంతు... ఆ చీకట్లోంచి మెల్లగా నడిచొచ్చి, ఆయన భుజం పక్కన ఆగి, పాడింది.

ఒళ్ళంతా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. భయంతో కాదు. ఆ రికార్డు తన దగ్గరా ఉంది. కానీ తన ఇంట్లో అది ఏ రోజూ ఇలా పాడలేదు. ఇది ఆ వాన రోజు పాట. ఇది వెల్మారే. సందేహం లేదు. లోపలెవడో పెట్టుకున్నాడు — తనకన్నా పెద్ద సెట్టు, తనకు దొరకని కిటుకు తెలిసినవాడు!

దెయ్యమే కానీ, ఇంకేదైనా కానీ. స్పీకర్లు ఏ కోణంలో పెట్టాడో అడిగి తీరాలి. ఆ ఒక్కటీ తెలిస్తే ఆదివారం డాక్టరుగారికి చేతులు జోడించి, సెట్టు లేదని చెప్పెయ్యొచ్చు.

లోపలికి అడుగుపెట్టాడు.

తడుముకుంటూ పది అడుగులు... ఇరవై... పాట ఎదురొచ్చి మీద పడుతోంది. కప్పు మొత్తం మోగుతోంది. ఎక్కడా దీపం లేదు. సెట్టు లేదు. మనిషి లేడు.

యాభై అడుగులు. అప్పుడు వినిపించింది.

ఆ పాటలో రెండో గొంతుంది.

రికార్డులో లేని గొంతు... పాటతో పాటు సన్నగా కూనిరాగం తీస్తోంది. ఒకచోట వెనకబడింది. అందుకుంది. తనలో తను చిన్నగా నవ్వుకుంది.

ఇప్పుడు భయం వేసింది. నిజం భయం. వెల్మార్‌లో లేనిది, పదకొండేళ్ళలో తను ఏ రికార్డులోనూ విననిది... ఇది ఎవరి గొంతు? వెనక్కి తిరిగి పరిగెత్తాలనుకున్నాడు. కాళ్ళు కదిలితేగా!

పాట అయిపోయింది. రికార్డు చివర సూది తిరుగుతున్న చప్పుడు — టక్... టక్... టక్...

చీకట్లోంచి, చెవి పక్కనే, ఆ గొంతు గుసగుసలాడింది —

“అమ్మో, తొమ్మిదిన్నర! ఆయనగారు వచ్చే వేళైంది. ఇవన్నీ మళ్ళీ జరిపి పెట్టాలి...”

టైంకీపరు ఆ గొంతు వైపే తడుముకుంటూ నడిచాడు.

చెక్కపెట్టెల గుట్ట దాకా వెళ్ళి, సందులోంచి చూశాడు. సన్నటి సందు. సందుకు అవతల ఒక పెరడు. పెరట్లో కుళాయి. కుళాయి కింద గిన్నెలు తోముతూ ఆయన భార్య. ఆవిడ వెనక, దూది పీకేసి, తెరలు తీసేసి, రెండు రెక్కలూ బార్లా తెరిచిన వెనక కిటికీ. కిటికీలో, వీపు గదికి పెట్టి బయటికి చూస్తున్నట్టు, ఆయన ప్రాణంలో ప్రాణమైన రెండు స్పీకర్లు.

తన ఇల్లు! ముందు గుమ్మం మార్కెట్టు వీధిలో ఉండబట్టి, తన పెరడు ఈ గోడౌన్ వీపుకు ఆనుకుని ఉందన్న సంగతే ఏనాడూ గుర్తుకు రాలేదు.

ముందు పుట్టింది కోపం. పదకొండేళ్ళు! అరంగుళాలు కొలుచుకుంటూ, ఊపిరి బిగబట్టుకుంటూ పదకొండేళ్ళు తను ఏడుస్తుంటే, ఈవిడ కిటికీ తెరిచి, గిన్నెలు తోముకుంటూ, ఆ పాటను రోడ్డున పోయేవాళ్ళందరికీ వినిపించిందా! వైరు వైరుకూ తేడా చెప్పగల చెవులు తనవి. కట్టుకున్న భార్య పాడితే దెయ్యమనుకున్న చెవులూ ఇవే.

‘ఎంత ధైర్యం నీకు’ అని అరుద్దామనే నోరు తెరిచాడు. పదకొండేళ్ళ ఉక్రోషం గొంతు దాకా వచ్చింది. ఏమైందో ఏమో, బయటికొచ్చిన మాట వేరు —

“రెండో వైపు కూడా వెయ్యి...”

వంద అడుగుల రేకు కప్పు ఆ మాటను అందుకుంది. పది గొంతులు చేసి, లావు చేసి, పెరట్లోకి విసిరింది.

గిన్నె ఎగిరి రాయి మీద పడింది. “అమ్మా!” — తలుపు ధడాలున మూసుకుంది. కిటికీ మూసుకుంది. దీపం ఆరిపోయింది.

చుట్టూ తిరిగి ఇంటికి చేరేసరికి పావుగంట పట్టింది. తలుపు తీసిన భార్య ఆయన చొక్కా పట్టుకుని వదల్లేదు. వెనకగదిలో స్పీకర్లు కిటికీ దగ్గరే, వంకరగా, పక్కకు తిరిగి ఉన్నాయి. సర్దే ఓపిక కూడా లేకపోయింది పాపం.

“ఏవండీ... మీరు తిట్టినా సరే, చెప్పేస్తాను. మీకు రెండో షిఫ్టు పడిన వారాలన్నీ, రాత్రిళ్ళు నేను సెట్టు పెట్టుకుంటున్నాను. మీరుంటే వినడానికేముంది, ఊపిరి లెక్కపెట్టుకోవడమే కదా! ఆదివారం వెళ్ళిపోతుందని ఇవాళ కాస్త ఎక్కువసేపు విన్నాను... అది విందండీ. గోడౌన్‌లో నిజంగానే ఉంది. మగ దెయ్యం. రెండో వైపు కూడా వెయ్యమంది...”

“వేశావా?”

“వేస్తానా! నా పై ప్రాణాలు పైనే పోతే!”

ఆయన చెప్పులు విడిచాడు. మెల్లగా వెళ్ళి వెనక కిటికీ గడియ తీశాడు. రెండు రెక్కలూ బార్లా తెరిచాడు. ఎదురుగా గోడౌన్ చిన్న వాకిలి, నల్లగా.

“ఏం చేస్తున్నారండీ!” అంది భార్య గుసగుసగా.

“అడిగింది కదా పాపం” అన్నాడు ఆయన, రికార్డును రెండో వైపుకు తిప్పుతూ. “వెళ్ళి ఆ గిన్నెలు తోముకో. పాడుతూ తోముకో. రేపు పొద్దున్నే డాక్టరుగారికి నేను చెప్పుకుంటాలే.”

ఆవిడ కదల్లేదు. ఆయన మొహంలోకి, తర్వాత ఆయన తల మీదికి చూసింది. చెయ్యి చాచి, జుట్టులోంచి ఒక సాలెగూడు పీకింది. దాన్ని దీపం వెలుగులో పట్టుకుని చాలాసేపు చూసింది...

“అలాగా!” అంది.