రంగం నుంచి వచ్చినవాడు

నరసింగరావుకి ఏ పనైనా కాగితం మీద పెడితేగాని తృప్తి ఉండదు. గజపతినగరం బ్లాకాఫీసులో పదేళ్లు గుమాస్తాగిరీ వెలగబెట్టినవాడికి ఆ మాత్రం జబ్బు ఉండటం వింతేమీ కాదు. వంకాయలు తెమ్మన్నా చీటీ రాసుకునే బయల్దేరేవాడు. తీరా ఆ చీటీ ఇంట్లో మరిచిపోయి, సంతలో నిలబడి తల గోక్కునేవాడు. అది చూసి అతని భార్య పద్మకుమారి కడుపుబ్బ నవ్వేది. కానీ ఆవిడ నవ్వి అప్పటికి రెండేళ్లయింది.

మొదటి బిడ్డ తొమ్మిది రోజులు బతికాడు. రెండో బిడ్డ పుట్టాక ఏడవనే లేదు. ఇప్పుడు మూడోసారి ఏడో నెల. అరవయ్యెనిమిదో సంవత్సరం శ్రావణమాసం, వానలు విడవకుండా కురుస్తున్న రోజులు. పద్మకుమారి కడుపు మీద చెయ్యి వేసుకుని, గోడకి జారబడి, మాటా పలుకూ లేకుండా కూర్చునేది. లోపల కదలిక ఉందో లేదో అని వింటూ ఉండేది. ఆ కూర్చున్న తీరు చూడలేక నరసింగరావు వీధిలోకి వెళ్లిపోయేవాడు.

పురోహితుడు శాస్త్రిగారు జాతకాలు చూసి ఒక్కటే మాట అన్నారు. "మీ వంశంలో తర్పణం నీళ్లు ముట్టనివాడు ఎవడో ఉన్నాడు. మూడు తరాల పేర్లూ, ఎవరు ఎప్పుడు పోయారో రాసుకురా. కర్మ తీరనివాడికి తీర్చేద్దాం."

మామూలు రోజుల్లో అయితే నరసింగరావు ఇలాంటివి నమ్మేవాడు కాదు. కానీ పద్మకుమారి ఆశగా చూసింది. పైగా పేర్లు రాయమన్నారు కదా, మనవాడికి చేతనైన విద్య అదే. ఓ నోటుబుక్కు కొని గీతలు కొట్టి, తాతలనీ ముత్తాతలనీ వరసగా కూర్చోబెట్టాడు. సెలవు దొరికినప్పుడల్లా నరసన్నపేట వైపు బస్సెక్కి, ముసలివాళ్ల చెవుల దగ్గర అరిచి అరిచి పేర్లు రాబట్టాడు. అన్నీ కుదిరాయి. ఒక్క పేరు దగ్గర మాత్రం కలం ఆగిపోయింది.

సూరయ్య. నరసింగరావు తండ్రికి తమ్ముడు. ఇరవయ్యారులో కళింగపట్నంలో ఓడెక్కి రంగం వెళ్లాడట. ఆ రోజుల్లో ఈ జిల్లావాళ్లు రంగూన్ని రంగం అనే అనేవారు. అక్కడ బియ్యం మిల్లుల్లో పనికి ఇక్కణ్ణించి ఊళ్లకి ఊళ్లే ఎక్కి వెళ్లిపోయేవి. సూరయ్య వెళ్లాక ఉత్తరం ముక్క లేదు. పన్నెండేళ్లు చూసి, పద్ధతి ప్రకారం ఇంటివాళ్లు అతనికి కర్మ చేసేశారు. దర్భలూ మోదుగాకులూ కలిపి మనిషంత బొమ్మ కట్టి, తలకాయకి బదులు కొబ్బరికాయ పెట్టి, శ్మశానానికి మోసుకెళ్లి కాల్చేశారు. పన్నెండేళ్లు జాడ లేని మనిషికి మన వైపు చేసేది అదే. "రంగంలోనే పోయినాడు, కర్మయిపోయినాది, ఇంకేటి కావాలి నీకు?" అన్నారు అందరూ.

ఇంకొకడైతే సరేనని ఊరుకునేవాడు. గుమాస్తా ఊరుకోలేదు. తేదీ కావాలి.

తేదీ కోసం కొత్తవలస వెళ్లాడు. కిరండూలు లైను పడ్డాక ఆ జంక్షను కిటకిటలాడుతోంది. స్టేషను పక్కన టీ కొట్టు పెట్టుకున్న ఎల్లాజీ అనే ముసలాయన రంగం నుంచి వచ్చినవాడని ఎవరో చెప్పారు. సూరయ్య పేరు చెప్పగానే ఎల్లాజీ గ్లాసు కడగడం ఆపేశాడు.

"సూరయ్యా? ఆడు రంగంలో సచ్చిపోనాడని ఎవులు సెప్పినారు బాబూ? యుద్ధంలో జపానోడు బాంబులేసినప్పుడు మేవంతా కలిసే పారిపోయొచ్చినాం. కొండలంట నెల్లాళ్లు నడిసినాం. దారిలో సానామంది రాలిపోనారు. సూరయ్య రాల్నేదు. రైల్లో నా పక్కనే కూకున్నాడు. తిలారు టేసన్లో దిగిపోనాడు. దీపాలేళకి ఇంట్లో ఉంటానన్నాడు. నా కళ్లతో సూసినాను."

నరసింగరావు నోటుబుక్కు తెరిచి, మూయడం మరిచిపోయాడు. ముప్పయ్యెనిమిదిలో కాల్చేసిన మనిషి నలభైరెండులో తిలారులో రైలు దిగాడు. తిలారు నుంచి వాళ్ల ఊరు పట్టుమని రెండు కోసులు లేదు. మరి ఆ రెండు కోసుల్లో ఏమైపోయాడు?

ఆ ప్రశ్నకి జవాబు చెప్పగలిగిన మనిషి ఒక్కతే మిగిలింది. లక్ష్మణమ్మ, నరసింగరావుకి పెద్దమ్మ, అంటే తండ్రిగారి అన్న పెళ్లాం. సూరయ్యకి స్వయానా వదిన. మొగుడు పోయాడు, పిల్లలు పుట్టలేదు. నరసన్నపేట అవతల వరిచేల మధ్య, పాత ఇంట్లో ఒంటిగా ఉంటోంది.

నరసింగరావు వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. పెద్దమ్మ సంబరపడిపోయింది. కోడలి కడుపు సంగతి అడిగింది, కిందా మీదా పడి అన్నం వడ్డించింది. ముద్ద నోట్లో పెట్టుకోబోతూ అతను ఆ పేరు ఎత్తాడు. పెద్దమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"ఆ పేరు తియ్యకు నాయినా. ఈ ఇంట్లో ఎవులం తియ్యం."

"తీయకపోతే ఎలా పెద్దమ్మా? ఎల్లాజీ చెప్పాడు. సూరయ్య చిన్నాన్న తిరిగొచ్చాడట కదా. మరి ఏమైపోయాడు? ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్నాను. మూడోదాన్నీ పోగొట్టుకోమంటావా?"

బయట వాన ఎక్కువైంది. మబ్బు పట్టడం వల్ల ముందే చీకటి పడిపోయింది. ఆవిడ లేచి వీధి తలుపు మూసి, అడ్డగడియ వేసి, బుడ్డి వెలిగించింది. అప్పుడు చెప్పింది.

"ఇలాటి ఏళే వచ్చినాడు. మేవంతా లోపలున్నాం. వదినా అని పిలిసినాడు. నాకు గొంతు తెలిసిపోయినాది. ఆణ్ని ఎత్తుకుని పెంచినదాన్ని, నాకు తెలీదా? లేవబోతే మీ పెదనాన్న నా సెయ్యి పట్టీసినాడు. కర్మ సేసీసినోడు ఎలాగొస్తాడే, అది ఆడు కాదు అన్నాడు. మూడోసారి పిలిస్తే తియ్యి, మనిసైతే మూడోసారి పిలుస్తాడు, దెయ్యం పిలవదు అన్నాడు."

సందెవేళ ఎవరు పిలిచినా మూడో పిలుపు దాకా పలకకూడదని నరసింగరావుకీ చిన్నప్పుడు చెప్పారు. అందరి ఇళ్లలోనూ చెప్పేవారు.

"రెండుసార్లు పిలిసినాడు. మూడోది పిలవనేదు. తెల్లారి తలుపు తీస్తే అరుగు మీద సచ్చిపోయున్నాడు. ఎముకలు తప్ప ఏటీ నేవు. మూడోసారి పిలవడానికి ఊపిరి నేదు నాయినా." పెద్దమ్మ ఏడవలేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయినట్టుంది. "ఊరు లెగిసీలోపల చేలో పాతీసినారు. మంత్రం నేదు, మాట నేదు. ఒక మనిసికి రెండు సావులు ఉండవంట. పేరుకి సేసీసినాం కదా, మనిసికి ఏటి సేత్తాం?"

నరసింగరావుకి కోపం వచ్చింది, జాలి వేసింది. ఏది ఎవరి మీదో అతనికే తెలియలేదు. "ఇప్పుడు చేద్దాం. శాస్త్రిగారితో చెప్పి సూరయ్య చిన్నాన్నకి నేనే..."

"వదినా..."

వీధిలోంచి. సన్నగా, గొంతు ఎండిపోయిన మనిషి పిలిచినట్టు.

పెద్దమ్మ అతని మణికట్టు పట్టుకుంది. ఆ ముసలి చేతిలో అంత బలం ఉంటుందని అతను అనుకోలేదు. "పలక్కు," అంది గుసగుసగా. "ఇరవయ్యారేళ్లయినాది... పిలవనేదు. నువ్వు పేరు తీసినావు."

వాన చప్పుడు. చూరు నుంచి నీళ్లు. చేలల్లో కప్పలు అంతసేపూ అరుస్తూనే ఉన్నాయి, ఎప్పుడు ఆగిపోయాయో తెలీదు. తలుపుకి అవతల ఎవరో నిలబడలేక, చెక్కకి ఆనుకున్న చప్పుడు...

"వదినా... నానే..."

బుడ్డి దీపం కదలకుండా వెలుగుతోంది. ఇద్దరూ మూడో పిలుపు కోసం చూశారు. అది వస్తే బాగుండునని నరసింగరావు అనుకున్నాడు. రాకపోతే బాగుండునని కూడా అనుకున్నాడు. ఎంతసేపు గడిచిందో... రాలేదు. చెక్కకి ఆనుకున్నది మెల్లగా కిందికి జారుతోంది. గోళ్లు చెక్క మీద గీసుకుంటూ జారుతున్నాయి.

ఆ రాత్రీ వీళ్లు ఇలాగే కూర్చున్నారు, అనుకున్నాడు. ఇలాగే లెక్కపెడుతూ కూర్చున్నారు. అవతల మనిషి చచ్చిపోతూ ఉంటే. ఆనాడే తలుపు తీసి ఉంటే ఏ పాపమూ చుట్టుకునేది కాదు. గోడకి జారబడిన పద్మకుమారి కళ్ల ముందు మెదిలింది. అతను పెద్దమ్మ చెయ్యి విడిపించుకున్నాడు.

"ఒద్దు నాయినా... నరసింగా... ఒద్దు..."

అడ్డగడియ తీశాడు. తలుపు లాగాడు.

ఎవరూ లేరు. అరుగు ఖాళీగా ఉంది. వీధిలో వాన. ఇంతేనా అనుకోబోయాడు, అప్పుడు వాసన తగిలింది. అంత వానలోనూ, ఎండు గడ్డి కాలిన వాసన. కొబ్బరి మాడిన వాసన. అది అతన్ని రాసుకుంటూ లోపలికి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ అతని భుజం మీద బరువు పడింది... నడిచి నడిచి అలిసిపోయినవాడు ఆసరా కోసం చెయ్యి వేసినట్టు. నరసింగరావు కదలలేకపోయాడు.

వెనక నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. భయం లేదు అందులో. వయసు కూడా లేదు.

"రా సూరీ... కూకో. గంజి ఒంపుతానుండు."

అతను కష్టంమీద తల తిప్పాడు. పెద్దమ్మ చాప పరిచింది. గిన్నెలో గంజి ఒంపి చాప ముందు పెట్టింది. ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఖాళీ చాప వైపు చూస్తూ, ఏదో వింటున్నట్టు తల ఊపింది. ఒకసారి కళ్లు తుడుచుకుంది. చాలాసేపటికి నరసింగరావు వైపు తిరిగింది. ఆ చూపులో జాలి ఉంది.

"ఈ ఇంట్లో ఉండడంట నాయినా," అంది మెల్లగా. "తలుపు తీసినోడింట్లోనే ఉంటానంతన్నాడు."

మర్నాడు గజపతినగరంలో బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా శాస్త్రిగారి దగ్గరికి పరిగెత్తాడు. నోటుబుక్కు ఆయన ముందు పెట్టి జరిగిందంతా చెప్పాడు. కాళ్లు పట్టుకున్నాడు. శాస్త్రిగారు నోటుబుక్కు ముట్టుకోలేదు.

"గడప బయట ఉన్నవాడికైతే ఏదో దారి చూసేవాణ్ణి నాయనా. నువ్వు తలుపు తీసి లోపలికి రానిచ్చావు. లోపలికి వచ్చినవాణ్ణి పొమ్మనే మంత్రం నాకు రాదు."

పద్మకుమారికి ఏమీ చెప్పలేదు. ఏమని చెబుతాడు? పైగా ఆ వారం నుంచి ఆవిడ మొహం తేటపడింది. "ఏమండీ, ఎంత బాగా కదులుతోందో! క్షణం ఊరుకోవడం లేదు," అని అతని చెయ్యి తీసి కడుపు మీద పెట్టుకునేది. నిజమే, కదులుతోంది. ఒకదాని తర్వాత ఒకటిగా, ఆగకుండా, అడుగులు పడుతున్నట్టు. నరసింగరావు నవ్వు మొహం పెట్టి చెయ్యి వెనక్కి తీసుకునేవాడు.

ఆశ్వయుజమాసంలో విజయనగరం ఆసుపత్రిలో కాన్పయింది. ఆడపిల్ల. ఆసుపత్రి ఎగిరిపోయేలా ఏడ్చింది. ఆ ఏడుపు విని నరసింగరావు వరండాలో కూలబడి తనూ ఏడ్చాడు. ఇంక భయం లేదనుకున్నాడు. పిచ్చివాడు.

బిడ్డకి నీళ్లు పోస్తున్న ఆయా తాయారు అతన్ని పక్కకి పిలిచింది. గుడ్డ కొంచెం పైకెత్తింది.

"ఏటి బాబూ ఇది? ముప్పయ్యేళ్లయి పిల్లల్ని తీస్తన్నాను. ఇలాటిది నానెప్పుడూ సూడనేదు."

తమలపాకుల్లా ఉండాల్సిన పసి అరికాళ్లు. కాయలు కాసి, మొద్దుబారి, మడమల దగ్గర నెర్రెలు విచ్చి ఉన్నాయి. నెలల తరబడి చెప్పుల్లేకుండా నడిచిన మనిషి కాళ్లు అవి. డాక్టరు వచ్చి చూసి, చర్మవ్యాధి అని ఏదో మందు రాసిచ్చాడు. పద్మకుమారి మాత్రం ఆ పాదాలు ముద్దుపెట్టుకుని, బతికితే చాలు తల్లీ, అంది.

బతికింది. పాలు తాగుతోంది, ఒళ్లు చేస్తోంది. ఇప్పుడు మూడో నెల. నేల మీద ఇంకా కాలు మోపని పిల్ల.

పిల్ల కాళ్లకి మట్టి ఉండటం మొదట కనిపెట్టింది నరసింగరావే. పద్మకుమారి లేవకముందే తడిగుడ్డతో తుడిచేస్తున్నాడు. మొదటి వారం ఆ నెర్రెల్లో ఎర్రమట్టి ఉండేది, వాళ్ల పేట సందులోదే. పక్క వారానికి ఊరి బయట గరుగు మెట్టల ఇసుకమన్ను. ఆ తర్వాత జిగటగా నల్లరేగడి, దానికి అంటుకుని వరిదుబ్బు ముక్కలు. రోజురోజుకీ ఇంకాస్త దూరం, కళింగపట్నం వైపు. ఉయ్యాల తాడు గట్టిగా కట్టాడు. గది తలుపుకి తాళం వేశాడు. అయినా పొద్దుటికల్లా మట్టి ఉండేది, ఉయ్యాల్లో పిల్ల హాయిగా నిద్రపోతూ ఉండేది.

నిన్న పడుకోలేదు. పిల్లని ఒళ్లో పెట్టుకుని, ఆ రెండు పాదాలూ రెండు అరచేతుల్లో బిగించి పట్టుకుని తెల్లవార్లూ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. రెప్ప వెయ్యలేదు. పిల్ల కదల్లేదు. ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే వేళ్లు కొయ్యబారిపోయాయి.

కోడి కూశాక ఒక్కొక్క వేలూ విప్పి చూశాడు.

ఇసక. చేతుల నిండా ఉంది. తడిగా ఉంది. అతను ఒక వేలు నాలుకకి తాకించుకున్నాడు.

ఉప్పగా ఉంది.