పాట మధ్యలో కేక

షామ్‌బర్గ్‌లో ఆ ఆదివారం పొద్దున రజిని పెసరట్టు తిరగేస్తూ స్పానిష్ పాట అందుకుంది. తల్లి జ్ఞానప్రసూన అల్లం పచ్చడి గిన్నె ఠక్కున కింద పెట్టింది.

"దానర్థం ఏంటే?"

"వదిలేసి పోయాడు, ఇంకో గ్లాసు పొయ్యండి అని."

"పొద్దున్నే తాగుబోతు పాటలా? కొంపదీసి తాగుతున్నావా?" అంటూ పొయ్యి పక్కనున్న గ్లాసు తీసి వాసన చూసింది.

"జీలకర్ర నీళ్లమ్మా. నువ్వు కాచినవే."

కూతురి పెళ్లి చేయడానికి ఇండియా నుంచి వచ్చిందావిడ. శుభలేఖలు పంచాక పెళ్లికొడుకు శశికాంత్ స్కైప్‌లో సారీ చెప్పి తప్పుకున్నాడు. గుడిలో అడిగినవాళ్లందరికీ ఆవిడ "వాయిదా పడింది" అని చెబుతోంది. ఆ మాట వింటే రజినికి ఒళ్లు మండుతుంది. మాట తప్పినవాడు దర్జాగా తిరుగుతుంటే తనెందుకు తల దించుకోవాలి? ఆఫీసు దగ్గరి మెక్సికన్ హోటల్లో ఈ పాటలు విన్నాకే ఆమెకు ప్రాణం లేచివచ్చింది. మనసు విరిగినవాళ్లు అక్కడ గ్లాసు పట్టుకుని నలుగురిలో గొంతెత్తి చెప్పుకుంటారు.

"మధ్యాహ్నం అక్కడ పాడుతున్నాను. నువ్వూ రా."

"గుడిలో కలిసే జయంతి వాళ్లు ఆదివారం అక్కడే తింటారు. పరువేం కాను? వెళ్లావంటే నాకు ఇండియా టికెట్ బుక్ చెయ్యి."

"చేస్తాను. పాడి వచ్చాక."

తీరా బయల్దేరేసరికి తల్లి మూతి ముడుచుకుని కార్‌లో కూర్చుని ఉంది.

హోటల్లో గిటార్లు మొదలయ్యాయి. రజిని మైక్ పట్టుకుని పాట అందుకుంది. గుండెకు తగిలిన చోటల్లా వినేవాళ్లు గొంతెత్తి కేక పెడుతున్నారు. చప్పట్ల కన్నా అక్కడ అదే పెద్ద మెప్పు. రెండో చరణంలో రజినికి శశికాంత్ సారీ గుర్తొచ్చింది. పాట ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో తల్లి పక్క టేబుల్ నుంచి జయంతి మాట అందరికీ వినబడింది. "పాపం, పెళ్లి పోస్ట్‌పోన్ అయిందని బెంగేమో కదా ఆంటీ?"

రజిని తల దించుకుంది. జ్ఞానప్రసూన కూతురి ముఖంలోకి చూసింది.

"వాయిదా కాదమ్మా," అంది స్పష్టంగా. "వాడు మాట తప్పి పోయాడు. మా పిల్ల తప్పేం లేదు. అబద్ధం చెప్పింది నేను."

లేచి నిలబడి, కొంగు నడుముకు దోపి, ఆ స్కైప్ కాల్ నాటి నుంచి దిగమింగుకున్నదంతా బయటికొచ్చేలా ఒక్క కేక పెట్టింది. హోటలంతా కేకలతో బదులిచ్చింది. రజినికి కళ్లు నిండిపోయాయి.

"ఏడుస్తావేంటే? ఆ ఇంకో గ్లాసు దగ్గర్నుంచి మళ్లీ పాడు," అంది తల్లి.

రజిని కళ్లు తుడుచుకుని, తలెత్తి పాడింది.