పొద్దుగూకని ఊరికి రెండు టికెట్లు

"జూన్‌ల అక్కడ రాత్రే ఉండదంట! నీకు ఎరుకనా?"

గ్రేస్ మా ట్రావెల్ ఆఫీసు అద్దం తలుపును తోసిన తోపుకు గోడ మీది క్యాలెండర్ ఊడిపడింది. ఒంటి మీద ఇంకా నర్సు యూనిఫామే ఉంది. రాత్రి డ్యూటీ దిగి, ఇంటికి పోకుండా దవాఖాన నుంచి నేరుగా జడ్చర్ల బస్టాండు ఎదురుగా ఉన్న నా ఆఫీసుకే వచ్చిందన్నమాట. మేలో మా పెళ్లి. పెళ్లయిన వారానికి నార్వే ఉత్తరపు కొసనున్న ఊరికి ప్రయాణం.

"కూసో. ముందు ఛాయ్ తాగు," అన్నాను.

"నీ ఛాయ్ నువ్వే తాగు విజేందర్! నర్సింగ్ కాలేజీల ఉన్నప్పటి సంది ఒక్కటే అడుగుతున్న. ఉత్తరం దిక్కు దేశాలల్ల ఆకాశంల రంగు రంగుల ఎలుగులు కనపడ్తయి, అవి చూడాలె అని. దానికి చీకటి ఉండాలెనంట. సెప్టెంబర్ సంది మార్చి లోపల పోవాలెనంట. రాత్రి కంప్యూటర్ల చూసిన. నువ్వేమో మే ముప్పైకి టికెట్లు తీసినవ్!"

సిమ్లా టికెట్ల కోసం వచ్చిన లింగస్వామి పెద్దయ్య మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

తప్పు నాదే. పాలమూరులో ట్రావెల్ ఆఫీసు నడిపేవాడు ఎవడైనా చేసే తప్పే. చల్లటి ఊరు అనగానే మా వేళ్లు రోహిణి కార్తె తేదీల మీదికే పోతాయి. ఎండకు తాళలేకే కదా ఇక్కడి జనం చల్లటి చోటికి పోయేది! నార్వేకైనా అదే లెక్క అనుకుని, గ్రేస్‌ను ఒక్క మాట అడగకుండా టికెట్లు తీసేశాను.

అయినా సరే, కస్టమర్ ముందు నన్నిట్లా దులిపేస్తే ఒళ్లు మండదా?

"ఫిబ్రవరిల పోతే మైనస్ పది ఉంటది, గడ్డకట్టి సస్తవ్! జూన్‌ల అయితే మంచిగ పది పన్నెండు డిగ్రీలు. స్వెట్టర్ ఏస్కుంటే అయిపాయె!"

"అంటే అప్పుడు రాత్రి ఉండదని నీకు ముందే ఎరుక?"

నోరు జారాను.

"ఎప్పటి సంది ఎరుక?"

"నెల అయితాంది."

"నెలనా! తారీకు మార్చొచ్చు గద?"

"మార్చొచ్చు. మార్చలే."

గ్రేస్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు చూసుకుని ఆమెకు ఇంకా కోపం వచ్చింది. చర్చిలో నేను తొడిగిన నిశ్చితార్థపు ఉంగరం లాగి టేబుల్ మీద పెట్టేసింది.

"నన్ను అడగకుండ నా సంగతులన్ని నువ్వే తేల్చేటట్టుంటే గీ పెళ్లే వద్దు నాకు!"

లింగస్వామి పెద్దయ్య గొంతు సవరించుకున్నాడు. "జర ఆగు బిడ్డా. రాత్రే లేని జాగా గూడ ఉంటదా? మరి ఆడ నీ అసొంటోళ్లు రాత్రి డ్యూటీ ఎట్ల జేస్తరు?"

జవాబు నేనే అరిచినట్టు చెప్పాను.

"అందుకే మార్చలే! ఐదేండ్ల సంది రాత్రి డ్యూటీనే నీకు. పగలంత కిటికీలకు దుప్పట్లు కట్టుకొని పంటవ్. పోయిన నెల బస్టాండ్ల స్తంభానికి తల ఆనిచ్చి నిలబడే నిద్రపోయినవ్. గీ కిటికీలకెళ్లి చూసిన నేను. ఇంక చీకటేంది నీకు? పది దినాలన్న ఎల్తురుల తిరుగుతవని ఉంచిన. పానం నాకు నువ్వంటే! చాలా?"

సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

"గీ మాట ముందే చెప్తే నేనే జూన్‌ల పోదాం అందును," అంది గ్రేస్. "అడిగితే నీ సొమ్మేం పోతుండె?"

"తప్పయింది. తారీకు మార్చాల్నా? గిప్పుడే మారుస్త."

"వద్దు. ఎలుగులకు ఇంకోసారి పోదాం. గప్పుడు తారీకు నేను చెప్త."

"నాకు మాత్రం రాత్రి ఉన్న ఊరికే తియ్యి కొడుకా," అన్నాడు పెద్దయ్య.

గ్రేస్ నవ్వాపుకుని మళ్లీ కనుబొమలు ముడిచింది. "కోపం పోయిందనుకోకు. ఆడికి పోయినంక పొద్దుగూకేదాంక తిడ్త నిన్ను."

ఈసారి ఏదీ దాచదలచుకోలేదు. "ఆడ జూలై మూడోవారం దాటేదాంక పొద్దే గూకదు గ్రేస్."

"ఎరుకే. రాత్రి అది గూడ చూసిన," అని వేలు చాపింది. "తొడుగు."