అయోడిన్ వెయ్యని సీసా

"మళ్ళీ మర్చిపోయారా?"

టామ్సిన్ సీసాను కిటికీ వెలుతురులోకి ఎత్తింది. నిన్న సాయంత్రం తోడినప్పుడు లేత ఆకుపచ్చగా ఉన్న నీళ్ళు ఇప్పుడు వెలిసిపోయాయి. బయట హ్యూవన్ నది మీద సన్నగా చినుకులు పడుతున్నాయి. ఏంగస్ తడిసిన టోపీని చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.

వాళ్ళ నాన్నది ఆల్చిప్పల సాగు. ప్రతి సోమవారం అక్కడి నీళ్ళు ఈ ల్యాబ్‌కి రావాలి. కంటికానని విషపు నాచు పెరిగితే అమ్మకం ఆపేయాలి మరి. నీళ్ళు తోడగానే నాలుగు చుక్కల అయోడిన్ వేస్తే లోపలున్నవన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి. నీళ్ళు పల్చటి టీ రంగుకు తిరుగుతాయి.

"నూకగింజంత నీటిపురుగులు, ఆ కోపెపాడ్‌లు, రాత్రంతా ఆ నాచుతో విందు చేసుకున్నాయి. ఇప్పుడు నేనేం లెక్కపెట్టను?"

"పాపం, ఆకలేసి ఉంటుందండీ. మధ్యాహ్నం మళ్ళీ తెస్తాను. మీరుంటారుగా?"

మొదటిసారి నిజంగానే మర్చిపోయాడు. ఆ మధ్యాహ్నం రెండో సీసాతో వచ్చినవాణ్ణి చూసి ఆమె నవ్వింది. అప్పటినుంచి అయోడిన్ బుడ్డి పడవలోనే ఉంటోంది, జ్ఞాపకశక్తీ బాగానే ఉంటోంది. సీసా మాత్రం అయోడిన్ లేకుండానే వస్తోంది. "ఏరా, ఒక్కరోజులో రెండుసార్లు టౌనుకా? నీళ్ళకంత తొందరేంటి?" అని నాన్న కూడా అడిగాడు.

ఇవాళ ఆమె నవ్వలేదు.

"అయోడిన్ మర్చిపోయే మనిషి సీసా మీద తేదీ మాత్రం ముత్యాల్లా రాస్తాడేం? నా లెక్క తప్పితే ఎవరో ఆల్చిప్ప తిని ఆస్పత్రిపాలవుతారు. దీంతో ఆటలొద్దు, ఏంగస్."

అతనికి చెవులు ఎర్రబడ్డాయి.

ఆ తర్వాత ఐదు సోమవారాలు సీసాలు చక్కటి టీ రంగులో వచ్చాయి. ఆమె సంతకం పెట్టేది, "థాంక్స్" అనేది. అంతే. తప్పు చేస్తే రెండుసార్లు కనిపించిన మొహం, సరిగ్గా చేస్తే అరనిమిషమే.

ఆరో సోమవారం ఏంగస్ ఫోన్ మోగింది.

"మీ సీసాలో లోపముంది."

"అయోడిన్ వేశానండీ! ఒట్టు! నాన్న సాక్షి!"

"అదే లోపం. అన్నీ చచ్చినవే. లెక్కకి కాదు, ఊరికే చూడ్డానికి బతికున్న నీళ్ళు ఒక గ్లాసెడు తీసుకురండి. మధ్యాహ్నం."

మైక్రోస్కోపులో నాచు గాజుపూసల దండల్లా మెల్లగా తేలుతోంది. ఒంటి ఎర్రకన్ను కోపెపాడ్ ఒకటి గెంతి, ఆగి, మళ్ళీ గెంతింది. ఒక్క చుక్కలో ఇంత ఊరు ఉందని ఏంగస్‌కి ఇన్నేళ్ళూ తెలియదు. దాని మీదే పడవ నడిపాడు.

"మనకందే ప్రాణవాయువులో దాదాపు సగం ఇలాంటి నాచు చలవే," అంది టామ్సిన్, అతని భుజం దగ్గరగా వంగి. "ఊపిరి బిగబట్టావేం? పీల్చుకో, ఫ్రీయే."

"మొదటిసారి తప్ప మిగతా అన్నిసార్లూ కావాలనే మర్చిపోయాను."

"తెలుసు."

"మరి ముందే తిట్టలేదేం?"

"మధ్యాహ్నం వస్తావని." ఆమె చూపు మైక్రోస్కోపు మీదకి దించుకుంది. "ఆ రోజు నాలుగోసారి కూడా వెలిసిన సీసా చూడగానే నాకు సంతోషమేసింది. నా ఉద్యోగానికి అది తగదు కదా. భయమేసి, నీ మీద అరిచాను."

పైకప్పు రేకుల మీద వాన నెమ్మదించింది.

"ఇకనుంచి రెండు సీసాలు తే. ఒకటి అయోడిన్‌తో. రెండోది ఇలాగే, బతికున్నది."

"నాన్న మళ్ళీ అడుగుతాడు, నీళ్ళకంత తొందరేంటని."

"తొందర నీళ్ళది కాదని చెప్పు," అంది టామ్సిన్.