పెరట్లో బిగుసుకున్న మూత

...అసలు మొదటిరోజే అనేసి ఉంటే సరిపోయేది. పెళ్ళయిన మర్నాడు ఆవిడ కాఫీ చేతికిచ్చినప్పుడు ‘అత్తయ్యా’ అని ఒక్క ముక్క అని ఉంటే, ఈపాటికి ఆ మాట నోట్లో అరిగి నున్నబడేది. అనలేదు. రేపు అందామనుకున్నాడు. రేపటికి అది కాస్త బరువెక్కింది, వారానికి ఇంకాస్త. ఇప్పటికి ఆరేళ్ళు. ఒకే ఇంట్లో ఉన్న మనిషిని ఇన్నాళ్ళకి ఉన్నట్టుండి వరస పెట్టి పిలిస్తే, ఇంతకాలం పిలవలేదని తనే వేలెత్తి చూపించినట్టు కాదూ?

ఇలా ఆలోచిస్తూ అల్లుడు పెరట్లో గొంతుక్కూర్చుని, మురుగు పైపు మూతకి పెద్ద పానా తగిలించాడు.

తెల్లారేసరికి వంటింటి సింకు నిండిపోయి ఉంది. గోడ బయట పైపు వంగేచోట, చెత్త అడ్డం పడ్డప్పుడు తీసి లోపల పొడవడానికి ఒక ఇత్తడి మూత ఉంది. ఇల్లు కట్టాక దాన్ని ఎవరూ ముట్టుకున్నట్టు లేదు. నూనె పోశాడు. చుట్టూ సుత్తితో తట్టాడు. వేడినీళ్ళలో ముంచిన గుడ్డ చుట్టాడు. కదిలితే ఒట్టు.

అతనిది బస్టాండులో మైకు ముందు కూర్చునే ఉద్యోగం. ముక్కూ మొహం తెలియని జనాన్ని రోజంతా గౌరవంగా పిలుస్తాడు. ఇంట్లో అత్తగారిని పిలవాల్సి వస్తే మాత్రం దగ్గుతాడు. ఆవిడ తల తిప్పాక, చెప్పదలుచుకున్నది కిటికీకి చెబుతాడు. “పేపరు ఇక్కడే ఎక్కడో ఉండాలి.” “తలుపు వేసుంటే దోమలు రావు.”

భార్య గుమ్మంలోకి వచ్చింది. “ఏమండీ, కదిలిందా?”

“నా నడుం కదిలింది. అది కదల్లేదు.”

“తొందరగా కానివ్వండి. ఇంకాసేపట్లో కారొస్తుంది. అమ్మ, మా పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళిపోతోంది.”

“ఎన్నాళ్ళు?”

“ఇంక అక్కడేనట.”

పానా జారింది. వేళ్ళు గోడకి కొట్టుకున్నాయి. “ఎందుకట?”

“నాకు చెప్పలేదు. మీరే అడగండి,” అంటూ ఆమె, పట్టు పెరిగేలా పానా పిడికి తొడిగే ఇనపగొట్టం పక్కింట్లో అడిగి తేవడానికి వెళ్ళింది.

అడగాలంటే ముందు పిలవాలి. అతను వేళ్ళు ఊదుకుంటూ ఆవిడ లేని ఇంటిని ఊహించుకోబోయాడు. తను పొద్దుపోయి వస్తే గేటు దగ్గర దీపం వెలుగుతూ ఉండదు. కంచం పక్కన మిరియాలూ తేనే వేసిన వేడినీళ్ళ గ్లాసు ఉండదు. ఆ గ్లాసు ఎందుకో అతనికి ఎప్పుడూ అర్థం కాలేదు. అడగాలన్నా పిలవాలి కనక, గడగడా తాగేసి లేచిపోయేవాడు.

గొట్టం వచ్చింది. దాన్ని ఇచ్చేసి భార్య, కారు డ్రైవరుకి దారి చెప్పడానికి ఫోను పట్టుకుని వీధివైపు వెళ్ళింది. అతను వంటింటి కిటికీకేసి చూశాడు. లోపల గిన్నెల చప్పుడు.

“ఇంకాసేపు సింకులో నీళ్ళు పొయ్యకపోతే బాగుంటుంది,” అన్నాడు పెరటి గోడతో.

గోడతో అన్న మాటకి అత్తగారు ఎందుకు జవాబిస్తారు?

గొట్టం మీద ఒళ్ళంతా వేలాడదీశాడు. మూత కిర్రుమంది, పావు చుట్టు తిరిగింది, తర్వాత చేత్తోనే వచ్చేసింది. వెనకాలే నల్లటి నీళ్ళు బకెట్టులోకి దూకాయి. లోపల సింకులో నీళ్ళు గిర్రున తిరిగి దిగిపోవడం చూసి అత్తగారు సంబరపడిపోయారు. వెళ్ళేలోగా కూతురికి ఈ పనైనా మిగల్చకూడదని గిన్నెలు నానేసిన టబ్బు మొత్తం వంపి, ట్యాపు బార్లా తిప్పారు.

బకెట్టు పొంగింది. చెప్పులు తేలాయి. అల్లుడు రెండు అరచేతులూ పైపుకి అడ్డం పెట్టాడు. వేళ్ళ సందుల్లోంచి మొహం మీదికి చిమ్మింది. ప్రాణం మీదికొచ్చిన ఆ క్షణంలో అతను చెయ్యగలిగిందే చేశాడు. దగ్గాడు.

“మళ్ళీ మొదలైంది పాపం,” అని వినిపించింది లోపలినుంచి. ట్యాపు ఆగలేదు.

ఇంకా గట్టిగా దగ్గాడు. చివరికి నిజంగానే పొలమారింది. కాసేపటికి అత్తగారు పొగలు కక్కే గ్లాసుతో పెరట్లోకి వచ్చి, నెత్తినుంచి కాళ్ళదాకా బురదతో ఉన్న అల్లుడిని చూసి కొయ్యబారిపోయారు.

“బాబూ... ముందిది తాగండి.”

ఈలోగా భార్య పరిగెత్తుకొచ్చి, ట్యాపు కట్టేసి, బయటికొచ్చి ఇద్దర్నీ చూసింది. నవ్వాపుకోలేక గోడ పట్టుకుంది.

“అమ్మా! అది దగ్గు కాదే. నిన్ను పిలవడం!”

“పిలవడమా?”

“ఆయనకి నిన్ను పిలవాలంటే సిగ్గు. దగ్గుతారు. నీకూ తెలుసనుకున్నా.”

“పెళ్ళైనప్పట్నుంచీనా?”

“పెళ్ళైనప్పట్నుంచీ.”

“మరి నా మిరియాలో?”

“అన్నీ ఏట్లో పోసినట్టే.”

అత్తగారు గ్లాసు గట్టు మీద టక్కున పెట్టారు. “నీతో మాట్లాడితే దగ్గు రాదు. ఫోనులో రాదు. నేనెదురైతేనే వస్తుంది. నేనున్న గాలి ఈయనకి పడటంలేదనుకున్నానే! డాక్టర్నీ అడిగాను, మనిషి పడకపోతే దగ్గొస్తుందా అని. ఆయన నవ్వి పంపించాడు. ఎందుకు చెప్పు, ఒకరి గొంతుకి అడ్డంపడి బతకడం? అందుకే కదే పెట్టె సర్దుకుంది!”

భార్య నవ్వు ఆగిపోయింది. వీధిలో హారను మోగింది.

“పద, కారొచ్చింది,” అన్నారు అత్తగారు మెల్లగా. “దగ్గు కాకపోతే మాత్రం ఏముందిలే. నోరారా పిలవబుద్ధికాని మనిషినేగా.”

ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు. అతను మూత చేత్తో పట్టుకుని భార్యకేసి చూశాడు.

“నాకేసి చూడకండి. మీ మాటలు ఇంక నేను మొయ్యను,” అంది ఆమె, కళ్ళు తుడుచుకుంటూ.

ఇంటి పక్కసందులోంచి వీధివైపు నడిచాడు, అడుగడుగుకీ చెప్పులు చప్పుడు చేస్తుంటే. అత్తగారు ఒక చేత్తో పెట్టె పట్టుకుని, రెండో చేత్తో గేటు గడియ తీస్తున్నారు. అతని గొంతులోకి అలవాటుగా దగ్గు వచ్చింది. దాన్ని మింగాడు. మైకు ముందు ఖంగున మోగే గొంతు ఎటు పోయిందో, పీలగా, పిల్లాడి గొంతులా బయటికొచ్చింది మాట.

“అత్తయ్యా,” అన్నాడు. “వెళ్ళకండి.”