తల అడ్డంగా ఊపినవాడు

ఉదయం తొమ్మిదిన్నరకు ట్రాము ఆఖరి స్టాపులో అందరూ దిగారు, ఒక్క మనిషి తప్ప. అతని ఒళ్లో సగం తిన్న బానిత్స, అంటే జున్ను రొట్టె, పొట్లం ఉంది. చెవి వెనక సూది గుచ్చిన గుర్తు ఉంది. చేతిసంచీ మాత్రం లేదు.

పది గంటలకు సోఫియాలోని గూఢచారి శాఖ ఆఫీసులో ఆ శవం ఫోటో రద్కో ముందు పడింది.

"ఎవరీయన?"

"ఆసుపత్రి టెక్నీషియన్," అంది కల్నల్ గెర్గానా. "మెదడులో వైర్లు పెట్టించుకున్నవాళ్లకి కరెంటు ఎంత వెళ్లాలో సరిచేసే మనిషి. ఆ పని చేసే టాబ్లెట్ కంప్యూటర్ పోయింది. అది చేతిలో ఉంటే పేషంటు సుఖం, దుఃఖం మన వేలి కింద ఉన్నట్టే."

ఆ పేషంట్లలో ఒకడు రద్కో ప్రాణస్నేహితుడు.

స్తానిమిర్ పదేళ్లు అతనికి జోడీ. తుపాకీ దెబ్బ తిని మంచాన పడితే మార్ఫిన్ ఇచ్చారు. నొప్పి పోయింది, మార్ఫిన్ పోలేదు. తర్వాత హెరాయిన్ వచ్చింది. నాలుగుసార్లు డీ-అడిక్షన్ సెంటరుకు వెళ్లి నాలుగుసార్లూ మొదటికొచ్చాడు. చివరికి రద్కోయే గడ్డం పట్టుకుని బతిమాలి ఆపరేషన్‌కు ఒప్పించాడు. పుర్రెకు రెండు కన్నాలు, యావ పుట్టే చోటికి రెండు సన్నని వైర్లు, కాలర్ ఎముక కింద చర్మం లోపల బ్యాటరీ. పద్నాలుగు నెలలుగా వాడు సూది ముట్టలేదు. పరాయి దేశాల్లో మారుపేర్లతో బతుకుతున్న మన పదకొండుమంది ఏజెంట్ల ముఖాలు మాత్రం ఆ తలలో ఇంకా పదిలంగా ఉన్నాయి.

"పదకొండింటికి స్తానిమిర్‌కి చెకప్. చూసేది డాక్టర్ ఎవెలినా," అంది కల్నల్.

ఎవెలినా నడిచొస్తుంటే వరండాలో రోగులు కూడా జుట్టు సవరించుకుంటారు. రెండేళ్లుగా పరదేశీ శత్రు ముఠా ఉప్పూ మన ఉప్పూ రెండూ తింటున్న మనిషి.

"ఆమె మన మనిషేనా మేడమ్?"

కల్నల్ తల కిందికీ పైకీ ఊపింది. బల్గేరియాలో దానర్థం కాదని. అవునంటే అడ్డంగా ఊపుతారు. ఈ సంగతి తెలియక సోఫియా హోటళ్లలో ఆకలితో మాడిన పరదేశులు కొల్లలు.

"చెకప్ ఆపించెయ్యొచ్చుగా?"

"వార్డు కెమెరా వాళ్ల గుప్పిట్లో ఉంది. బొమ్మ కనబడుతుంది, మాట వినబడదు. పోలీసు నీడ కనబడినా వాణ్ణి అక్కడికక్కడే చంపిస్తారు. గురువారం కదా, వార్డుకు ఫాదర్ వస్తాడు. ఇవాళ ఆ ఫాదర్‌వి నువ్వే." ఆమె బరువైన శిలువ ఒకటి బల్ల మీద పెట్టింది. "లోపల అయస్కాంతం. బ్యాటరీకి ఆనిస్తే మిషన్ ఆగిపోతుంది."

పదకొండు దాటిన పది నిమిషాలకు పెట్టుడు గడ్డం దురద పెడుతుండగా, పవిత్రజలం ఇత్తడి చెంబూ, అది చల్లే తులసి కట్టా పట్టుకుని రద్కో గదిలోకి అడుగుపెట్టాడు.

స్తానిమిర్ కుర్చీలో కూర్చుని పెళ్లికొడుకులా వెలిగిపోతున్నాడు. ఎవెలినా ఒక చేత్తో టాబ్లెట్ పట్టుకుని, రెండో చేత్తో ఫోటోలు ఒక్కొక్కటే వాడికీ కెమెరాకీ కనబడేలా ఎత్తుతోంది.

"ఇతను మీవాడేనా?"

"అయ్యో, వీడు తెలియకపోవడమేంటి! బంగారం లాంటి మనిషి!" స్తానిమిర్ తల అడ్డంగా ఊపాడు.

ఫోటోలో ఉన్నవాడు నిజంగానే మన ఏజెంటు. తర్వాతి ఇద్దరికీ అంతే. ఆ పైన నాలుగు కొత్త ముఖాలు వచ్చాయి. వాటికి స్తానిమిర్ తల కిందికీ పైకీ ఊపాడు.

"ఒరేయ్, నోర్ముయ్," అన్నాడు రద్కో గడ్డం చాటున.

"ఫాదర్‌ది అచ్చం మా రద్కోగాడి గొంతే! రా, రా! లోకంలో అందరూ ఎంత మంచివాళ్లురా!"

ఎవెలినా ఫోను గుర్రుమంది. చూసింది. ముఖం పాలిపోయింది. వేలు టాబ్లెట్ మీద జారింది, కరెంటు అంకె పెరిగింది. ఐదు. ఆరు. స్తానిమిర్ నవ్వు ఎక్కిళ్లుగా మారింది. ఏడు. కాళ్లూ చేతులూ కొయ్యబారాయి.

ఎనిమిది దగ్గర రద్కో ఒక్క దూకు దూకి శిలువను వాడి కాలర్ ఎముక కింద అదిమిపట్టాడు. కరెంటు తెగింది. స్తానిమిర్ తల వాలిపోయింది.

"నీళ్లు చల్లు," అంది ఎవెలినా, పెదవి కదలకుండా. "పోయినవాడికి చల్లినట్టు చల్లు. చూస్తున్నారు."

వాడి ఊపిరి ఆడుతూనే ఉంది. రద్కో చల్లాడు. ఆమె మంచం మీది దుప్పటి వాడి ముఖం మీదికి లాగింది. కాసేపటికి కెమెరా ఎర్రదీపం ఆరింది. మరుక్షణం పిస్తోలు ఆమె నుదుటికి ఆనింది.

"మా ముగ్గురినీ పొట్టన పెట్టుకున్నావు కదే!"

"ఏజెంట్లకి తల ఎలా ఊపాడు?"

"అడ్డంగా. అవునని ఒప్పుకుని..." అన్నాడు రద్కో.

"చూసేవాడి దేశంలో అడ్డంగా ఊపితే కాదని. ముఠాకి నా నోటి మీద నమ్మకం లేదు, కళ్లతో చూస్తామన్నారు. చూడమన్నాను. మామూలుగా అడిగితే మీవాడు ట్రైనింగ్ గుర్తుతెచ్చుకుని పరదేశీ తీరులో ఊపేవాడు. హాయిలో ఉన్నవాడు అమ్మ నేర్పిన తీరులోనే ఊపుతాడు."

"మరి ఆ నలుగురు?"

"ముఠా పెద్దకి సొంతవాళ్ల మీదా అనుమానమే. వాళ్ల ఫోటోలు నేనే కలిపాను. ఈపాటికి వాళ్లు మీ గూఢచారులేనని నమ్మి, ఆ నలుగురికీ తిరుగు టిక్కెట్లు తీసుంటారు."

"టెక్నీషియన్?"

ఆమె తల దించుకుంది. "ఆయన్ని చంపుతారని నాకు తెలియదు. మీవాణ్ణి చంపెయ్యమని ఫోనులో వచ్చాక కరెంటు మాత్రం తెలిసే పెంచాను. వేలు ఆపితే ఇద్దరం పోయేవాళ్లం. నువ్వు సమయానికి ఆదుకుంటావనుకున్నాను."

రద్కో పిస్తోలు దించాడు, క్షమించలేదు. ఆమె మిషన్‌ను పాత స్థాయికి తెచ్చి ఆన్ చేసింది. దుప్పటి కింద స్తానిమిర్ కదిలాడు. కళ్లు తెరిచాడు. వాటి నిండా నీళ్లున్నాయి.

"రద్కో, ఇందాకటి దాని ముందు హెరాయిన్ మజ్జిగనీళ్లురా."

"అది అయిపోయిందిరా. మళ్లీ కావాలనిపిస్తోందా?"

స్తానిమిర్ చూపు టాబ్లెట్ మీదే ఉంది. మెల్లగా తల అడ్డంగా ఊపాడు.

పరాయి దేశంలో పుట్టి ఉంటే బాగుండునని రద్కోకు జన్మలో మొదటిసారి అనిపించింది.