వణుకుపట్టీ

2069లో ఒంగోలు బస్సుల నేలకు మనుషుల నడక చదవడం వచ్చు. తూలేవాళ్ళ దగ్గరికి సీటు తనంతట తానే జరుగుతుంది. ఆ ఉదయం సీటు హన్విక వైపు జరిగింది.

"నాకోసమేలే. అరవై ఎనిమిదేళ్ళదాన్ని," అని తల్లి నీలవేణి గబుక్కున కూర్చుంది.

నలభై ఆరేళ్ళ హన్వికకు పార్కిన్సన్స్ వచ్చి మూడేళ్ళయింది. ముప్పై నాలుగో ఏట ఆమెకు గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేశారు. తీయించుకొమ్మని పోరింది తల్లే. జబ్బుకు మూలం ఆ ఆపరేషనేనని ఆమె భయం. ఒంట్లో ఈస్ట్రోజెన్ హార్మోను తగ్గితే మెదడు కణాలకు కాపు తగ్గుతుందేమోనన్న అనుమానంతో పరిశోధకులు వణుకుపట్టీ తయారుచేశారు. భుజం కింద అంటించే గోరంత రేకు అది. కంపాన్ని కొలిచి, తగినంత హార్మోను వదులుతుంది. పరీక్షలో ఉన్న అరవైమంది ఆడవాళ్ళలో సగంమందివి మందు లేని ఉత్త పట్టీలు. ఎవరివన్నది డాక్టరు కిరీటికీ తెలియదు, ఒక్క 'నాడి' యంత్రానికి తప్ప.

తన కూతురిది ఉత్తదేనని నీలవేణికి మొదటిరోజే రూఢి అయిపోయింది. ఆసుపత్రిలో పక్క కుర్చీలో కూర్చునే షాహినా చెయ్యి మాత్రం కుదుటపడుతోంది. కిందటిసారి కొలతలు చదివాక ట్రేలో పెట్టిన ఆ ఇద్దరి పట్టీలనూ నీలవేణి గుట్టుగా మార్చేసింది. ఆ సాయంత్రానికే హన్విక చెయ్యి నిలిచింది!

ఆరు వారాలు గడిచాయి. ఈరోజు మళ్ళీ కొలతలు. షాహినా గ్లాసు పట్టుకోబోయి నీళ్ళు ఒలకబోసుకుంది.

"ఏందో పిన్నీ, నా పట్టీ నామీద అలిగింది," అని నవ్వింది.

నీలవేణి తలొంచుకుని ఒలికిన నీళ్ళు కొంగుతో తుడిచింది.

"డాక్టరుగారూ, రెండు పట్టీలు తారుమారయ్యాయి," అంది నాడి.

కిరీటి తలెత్తేలోపే నీలవేణి చేతులు జోడించింది. "నేనే మార్చా బాబూ. నన్నేమన్నా అనండి, నా బిడ్డను మాత్రం పరీక్షలోంచి తీసేయొద్దు. దానికి నయమైంది, చూడండి."

"నయం కాలేదు," అంది నాడి. "పట్టీ తన మనిషి చర్మాన్నే గుర్తుపడుతుంది. పరాయి ఒంటిమీద మందు వదలదు, కొలత మాత్రం రాస్తుంది. మొదటి ఆరు వారాలు హన్వికగారి వణుకు కొద్దికొద్దిగా తగ్గింది. మార్చిన రోజు నుంచీ పెరుగుతోంది."

"అబద్ధం! నా కళ్ళెదుటే ఉంటే ఒక్కనాడూ వణకలా!"

"కొన్ని గంటలు వణకని మాట నిజమే. ఆ గంటల్లో ఆమె చెయ్యి దేన్నో గట్టిగా బిగించి పట్టుకుని ఉంది."

నీలవేణి కూతురి వైపు తిరిగింది. హన్విక కుడి పిడికిలిలో చేతిసంచి పిడి నలుగుతోంది. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి.

"ఆ సాయంత్రం తువ్వాలు పిండుతుంటే వణుకు ఆగిందమ్మా. నువ్వు చూసి ఏడ్చేశావు. ఎన్నాళ్ళకో రెండోసారి అన్నం పెట్టించుకున్నావు. ఇంక నీకెట్టా చెప్పేది?"

"హన్వికగారూ, ఆ సంచి వదలండి. చెయ్యి చూడాలి," అన్నాడు కిరీటి మెల్లగా.

ఆమె వదల్లేదు.

"ముందు మా అమ్మను బయట కూర్చోబెట్టండి సార్," అంది.